ముందు మెట్లెక్కే ఇల్లు

జనవరి 12

నా భార్య పెంచల చివరి రోజు ఇలా గడిచింది.

అసలు తొమ్మిదో తేదీన పెన్నకు వెళ్ళాలనుకున్నాం. గండిలో ఇంకా మోకాలి లోతు నీళ్ళున్నాయని కిందటేడు చూసివచ్చినవాళ్ళు చెప్పారు. మా అమ్మాయి నాగవేణికి ఎనిమిదేళ్ళు. పారే నీటిని ఎప్పుడూ చూడలేదు. తొమ్మిదిన తెల్లవారకముందే వాయవ్యం నుంచి దుమ్ముగాలి లేచింది. మెట్ల పైనున్న ఇనుప తలుపు రోజంతా తెరవలేదు. వేణి చెప్పులు వేసుకుని మెట్ల కిందే కూర్చుంది. పెంచల తల్లి, మా అత్త అచ్చమ్మ వచ్చి విప్పేదాకా విప్పలేదు.

పదో తేదీకి గాలి పడింది. మబ్బు పట్టింది. పెన్న ఆరు కిలోమీటర్లు. మళ్ళీ గాలి లేస్తే దారిలో చిక్కుకుంటాం. వద్దన్నాను.

"అయితే పాత బస్టాండుకు పోదాం," అంది పెంచల. "రెండు కిలోమీటర్లే గదా."

"ఆడ నీళ్ళు ల్యావు గదమ్మా," అంది వేణి.

"నీళ్ళు ల్యాకపోతేనేం, బస్సులుండాయి. ఎక్కించి పెన్నకు తీసుకపోతా దా."

మా గనిలో అరవై రెండు ఇళ్ళు. పూర్వం నాపరాళ్ళు తీసిన గుంతలు ఇవి. చలికాలంలో ఆరేడు వారాలు మాత్రం మనిషి పైన తిరగగలడు, మిగతా ఏడంతా వేడికి బతకడు. ఒక్కో ఇంటికి వంతులవారీగా నాలుగు పగళ్ళు వస్తాయి. గాలిని కొలిచేది, పిల్లలకు చదువు చెప్పేది నేను. కొలిచేవాడి ఇల్లు అందరికంటే ముందు మెట్లెక్కాలి, ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఎక్కాలి. ఒక్కడే వెళితే తెగించి వెళ్ళాడనుకోవచ్చు. బిడ్డను తీసుకెళితే కొలతను నమ్మాడని అర్థం. ముందడుగు అనే ఈ ఆచారం నేను పెట్టింది కాదు. కానీ మంచిదనే అనుకుంటూ వచ్చాను.

ఆరున్నరకు పైకి వచ్చాం. బస్టాండు కప్పు సగం నిలిచి ఉంది. దాని కింద టైర్లు లేని బస్సులు మూడు. మధ్య బస్సుకు సీట్లు మిగిలాయి. అత్త నేరుగా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. చిన్నప్పుడు ఇలాంటి బస్సులో తిరిగిన మనిషి మాలో ఆమె ఒక్కతే.

"అవ్వా, హారన్ కొట్టు."

"యాడుందే హారన్? పీక్కపోయినారు." నోటితోనే కొట్టింది.

పెంచల రొట్టెల సంచి భుజానికి తగిలించుకుని కండక్టరయింది. ఎండుటాకులు చింపి టికెట్లు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

"ఆ సారు నిలబడే రావల్ల. ముందుగాల్నే చెప్తాండా, మొగోళ్ళకు సీట్లు ల్యావు."

"మా నాయనే గదమ్మా, కూచోనీ."

"నాయనైతే నాకేంది? బస్సులో అందరూ ఒకటే. రైట్ రైట్!"

వేణి పడీపడీ నవ్వింది. అవ్వ స్టీరింగు తిప్పుతూ మధ్యలో వచ్చే ఊళ్ళ పేర్లన్నీ చెప్పింది. ఒక్కో ఊరి దగ్గరా పెంచల మమ్మల్ని దింపి ఎక్కించింది. తర్వాత జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాం. పెన్నకు వెళ్ళి ఉంటే ఇంత నవ్వేవాళ్ళం కాదేమో. అప్పుడు అదే అనుకున్నాను.

పది గంటలకు కొలవాలి. రెండు థర్మామీటర్లున్న పలకను స్తంభానికి తగిలించి ఉంచాను. ఒకదానికి తడిగుడ్డ చుడతాం. అది ఎంత చూపిస్తే, చెమట మనిషిని అంతవరకే చల్లార్చగలదు. ఇరవై ఎనిమిది దాటితే ఉన్నపళంగా కిందికి దిగాలి. డబ్బాలో నీళ్ళు గుడ్డ మీద పోసి చదివాను. పొడి 33, తడి 26. మధ్యాహ్నం దాకా ఉండొచ్చని చెప్పాను.

నా చేతుల మీద చెమట ఆరడం లేదు. చూశాను. అంకెనే నమ్మాను.

పదకొండున్నరకు వేణి కక్కింది. కళ్ళు తేలేసింది. పెంచల చీరకొంగుతో బిడ్డను వీపున కట్టుకుంది. నాకివ్వమన్నాను. "నువ్వు అమ్మను పట్టుకో, పడిపోతాది," అంది. నాతో అన్న చివరి మాట అదే. రెండు కిలోమీటర్లు ఒక్కసారి కూడా దింపలేదు. ఇనుప తలుపు దగ్గర వేణిని కిందివాళ్ళ చేతులకు అందించింది. పై మెట్టు మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. రెండు గంటల పది నిమిషాలకు పోయింది.

సాయంత్రం తలుపు దగ్గర మళ్ళీ కొలిచాను. తడి 31న్నర. థర్మామీటర్లు రెండూ బాగానే ఉన్నాయి. పొద్దున 26 ఎలా వచ్చిందో తెలియదు.

గాలి పుస్తకం మెట్ల దగ్గర గొలుసుతో కట్టి ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. ఇది అది కాదు. ఇది నా సొంత నోటుబుక్కు.

జనవరి 17

వేణి కోలుకుంది. లేచి నడుస్తోంది. అమ్మ గురించి ఏమీ అడగలేదు.

మా గని పెద్ద ఓబులేసు వచ్చాడు. గాలి పుస్తకంలో పదో తేదీ పక్కన తానే రాశాడట: "తూర్పు గాలి ఉన్నట్టుండి తిరిగినందువల్ల." చదివి వినిపించాడు.

"అంతే గదా సారూ? గాలి మోసం చేసింది."

నేను దీపం వత్తి సరిచేశాను.

"జనం బయపడినారు. ముందడుగు పడక ఒక్క ఇల్లూ కదలదు. నీకు కష్టమే, తెల్సు. అయినా నెలాఖరులోపల ఏదో ఒకటి చెప్పల్ల నువ్వు."

గనిలో పదేళ్ళలోపు పిల్లలు నలభై ఆరుమంది. ఆ నాలుగు పగళ్ళ ఎండే వాళ్ళ ఎముకలకు ఏడాదంతా ఆధారం. నాలుగేళ్ళ కిందట వరుస దుమ్ముగాలుల వల్ల ఎవరూ పైకి వెళ్ళలేకపోయారు. ఆ ఏడు నడక నేర్చిన పిల్లల్లో తొమ్మిదిమందికి కాళ్ళు వంకర. నా తరగతిలో ముగ్గురున్నారు.

నెలాఖరుకు చెబుతానన్నాను.

జనవరి 24

మళ్ళీ తరగతి మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చోలేక.

ఈరోజు గాలి కొలత పాఠం. ప్రతి ఏడూ జనవరిలోనే చెబుతాను. వేణి ముందు వరసలో కూర్చుంది. ఇంట్లో రెండు వారాలుగా నోరు విప్పని పిల్ల తరగతిలో చెయ్యెత్తింది. సంతోషించాను.

"డబ్బా నీళ్ళు ఎందుకు నీడలో గంటసేపు పెట్టల్ల?"

"గాలి ఎంత వెచ్చగా ఉందో నీళ్ళు కూడా అంత వెచ్చగా అవడానికి."

"కుండ నీళ్ళు పోస్తే ఏమైతాది?"

"కుండ నీళ్ళు చల్లగా ఉంటాయి. అందుకని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది."

"ఎంత తక్కువ?"

"నాలుగైదు డిగ్రీలు." బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను.

వేణి తన పలక చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పాఠం బాగా అర్థమయిందనుకున్నాను.

జనవరి 27

వేణి నీళ్ళు తాగడం లేదు.

పైకి వెళ్ళే వంతుల గురించి అడగడానికి ఇంటికొచ్చినవాళ్ళతో మాట్లాడుతూ మొదట గమనించలేదు. అత్త లెక్క పెట్టి చెప్పింది. 25న రెండు గ్లాసులు. నిన్న ఒకటి. ఈరోజు అర గ్లాసు కూడా లేదు. అంబలి పట్టిస్తే కక్కింది. గొంతులో పుండేమైనా ఉందేమోనని దీపం పెట్టి చూశాను. ఏమీ లేదు. పెదాలు పగిలాయి.

"ఒక్క గుక్క తాగు తల్లీ," అని అత్త బతిమాలింది.

"కుండ నీళ్ళు నాకొద్దవ్వా."

"కుండ నీళ్ళు గాకపోతే యాడివి తెచ్చేది? పెన్నకు పోయి ముంచుకొస్తునా? మొండిదానివే. అచ్చం మీ అమ్మే."

ఆ మాటకు వేణి గోడవైపు తిరిగి పడుకుంది. అత్త నాలుక కరుచుకుంది. గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది.

నేను గదమాయించాను. ముక్కు మూసి పోద్దామని కూడా అన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

జనవరి 28

పొద్దున అత్త పిలిచింది. "అల్లుడా, ఇట్ల కూచో."

కూర్చున్నాను.

"పాప నాతో చెప్పింది. నువ్వు కేకలెయ్యనంటే చెప్తా."

వేయనన్నాను.

బస్టాండులో ఆడుతూ వేణి కాలు తగిలి డబ్బా పడిపోయింది. నీళ్ళు ఒలికిపోయాయి. నేను తిడతానని భయపడింది. తాగడానికి తెచ్చుకున్న కుండలోంచి నీళ్ళు ముంచి డబ్బా నింపి, ఉన్నచోటే పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. అప్పుడు అదేమంత పెద్ద సంగతి కాదు. తరగతిలో నేను బొమ్మ గీసి చూపించేదాకా కాదు.

"మా అమ్మను నేనే చంపినా అవ్వా, అంటాంది," అంది అత్త. ఏడవలేదు. "ఎనిమిదేండ్ల బిడ్డ. ఇంత మాట యాడ నేర్చుకుందో."

నా దగ్గరే నేర్చుకుంది.

ఇప్పుడు ఒక సంగతి రాయాలి. 12వ తేదీ పుటలో రాయలేదు. గుడ్డ తడిపిన తర్వాత పన్నెండు నిమిషాలు ఆగి చదవాలి. అది మొదటి నియమం. ఆ రోజు నేను ఆగలేదు. ఒక్క నిమిషం ఆగానేమో. బస్సులోంచి పెంచల కేకేసింది: "సారూ, టికెట్టు ల్యాకుండా యాడికి పోతాండావు?" నవ్వుకుంటూ అంకె రాసి వెళ్ళిపోయాను. పెంచల పోయాక దీని గురించి ఆలోచించకపోలేదు. నీడలో ఉంచిన నీళ్ళతో అయితే, తొందరపడి చదివితే ఎక్కువే చూపించాలి, తక్కువ కాదు. అందుకని నా తొందర ఎవరికీ హాని చెయ్యలేదని తీర్మానించుకున్నాను. పాఠాలు చెప్పేవాడి తర్కం.

డబ్బా నా చేతికి చల్లగా తగిలింది. బయట నీటిబొట్లు పట్టి ఉన్నాయి. చూశాను. ఎక్కడో ఒలికిందనుకున్నాను. నీటిబొట్లు పట్టిన డబ్బా అంటే లోపల చల్లని నీళ్ళని, బయట గాలి నిండా తేమని ఈ గనిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

సాయంత్రం వేణి పక్కన కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను. ఆగకుండా చదివింది నేనని చెప్పాను.

"కుండ నీళ్ళు పోస్తే తక్కువ చూపిస్తాదని నువ్వే చెప్పినావు గదా."

"చూపిస్తుంది. కాసేపే. ఆగితే సరిగ్గా వస్తుంది."

"ఆ పొద్దు అది చెప్పలేదు నువ్వు."

నిజమే. చెప్పలేదు. ఎంత తక్కువో అడిగింది, అంతవరకే చెప్పాను.

"నేను ఏడుస్తానని ఇప్పుడు అబద్దం చెప్తాండావు," అంది. కళ్ళు మూసుకుంది.

ఈరోజు మూడు చెంచాలు తాగింది.

జనవరి 30

వేణి లేవలేకపోతోంది. చర్మం గిల్లి వదిలితే గిల్లినట్టే నిలుస్తోంది. అత్త తడిబట్టతో పెదాలు అద్దుతోంది. బట్టలోని తడిని కూడా వేణి చప్పరించడం లేదు. నేను కుండ మార్చాను. ఇత్తడి బిందెలో తెచ్చాను. "అవీ ఆ నీళ్ళే గదా," అంది.

ఓబులేసు దగ్గరికి వెళ్ళాను. ముందడుగు ఫిబ్రవరి ఒకటిన అని తానే అనుకుని ఉన్నాడు.

"పదో తేదీన నేను ఆగకుండా చదివాను," అన్నాను. "గాలి మోసం చెయ్యలేదు."

అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఈ మాట ఇంగెవురికైనా చెప్పినావా?"

"లేదు." అత్త సంగతి, వేణి సంగతి అతనికి చెప్పలేదు.

"చెప్పొద్దు. తప్పు చదివినోడు మల్ల పుస్తకం ముట్టగూడదు, తెల్సు గదా నీకు. నువ్వు పోతే చదివేదెవరు? నేనా? ఆ గాజుగొట్టం యాపక్క పైనో కూడా నాకు తెల్దు. నలభై ఆరుమంది బిడ్డలు సారూ. నీ మనసు తేలికైతాదని వాళ్ళ కాళ్ళు వంచుతావా?"

అతను దుర్మార్గుడు కాదు. అతని మనవడికి కూడా కాళ్ళు వంకరే.

లేచి వస్తుంటే వెనక నుంచి మెల్లగా అన్నాడు. "పెంచలమ్మ నాకు బిడ్డ లాంటిది. గాలి మోసం చేసిందంటే ఆ యమ్మకూ మర్యాదే గదా."

పెంచలకు మర్యాద ఎందులో ఉందో నాకు తెలియదు. ఆమె దించిపోయిన బిడ్డ దాహంతో ఎండిపోతోంది. అంతవరకు తెలుసు.

జనవరి 31

పొద్దున ఐదున్నరకు ఒక్కణ్ణే మెట్లెక్కాను. ఇనుప తలుపు జానెడు తెరిచి పలక తగిలించాను. గంట ముందే పైన పెట్టిన డబ్బా నీళ్ళతో ఒక గుడ్డ తడిపాను. అత్త కుండలోంచి ముంచి తెచ్చిన నీళ్ళతో రెండో గుడ్డ తడిపాను. గడియారం ముందు పెట్టుకున్నాను.

ఒక నిమిషానికి: డబ్బా 29, కుండ 22.
నాలుగో నిమిషానికి: డబ్బా 27న్నర, కుండ 24న్నర.
ఎనిమిదో నిమిషానికి: డబ్బా 27, కుండ 26న్నర.
పన్నెండో నిమిషానికి: రెండూ 27.

మళ్ళీ చేశాను. మళ్ళీ రెండూ 27. మూడోసారి కూడా అంతే. ఏ నీళ్ళు పోశారన్నది ముఖ్యం కాదు. ఆగాడా లేదా అన్నదే ముఖ్యం. ఇది నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. చేసి చూసేదాకా తెలిసినట్టు లేదు.

కిందికి వచ్చి అత్తకు చెప్పాను. ఏం చెయ్యబోతున్నానో కూడా చెప్పాను. ఆమె తిరగలి ఆపింది.

"పుస్తకం తీసుకుంటారు నీ దగ్గర్నుంచి."

"తీసుకుంటారు."

"పాప పేరు వస్తాదా?"

"రాదు. కుండ నీళ్ళు పోశానంటాను. ఎవరు ముంచారని ఎవరూ అడగరు. గుడ్డ మీద పోసింది నేనే కదా."

"ఓబులేసు?"

"అరుస్తాడు."

"అరవనీలే." మళ్ళీ రెండు చుట్లు తిప్పింది. "చదివేది ఎవరికైనా నేర్పు. నాకే నేర్పు. ముసలిదాన్నైతేనేం, గాజుగొట్టం కనపడదా నాకు? ముందడుగుకు ఇంట్లో అందరం పోవల్ల అంటారు గదా, ఎట్లా పోయేదాన్నే."

ఆమె అంటున్నది అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. పుస్తకం నా నుంచి ఆమె చేతికి పోయినా, ముందు మెట్లెక్కే ఇల్లు మాదే అవుతుంది, ఆమె పేరు మీద. ఓబులేసు ఒప్పుకుంటాడో లేదో తెలియదు. జనం ఒప్పుకుంటారో లేదో అంతకన్నా తెలియదు. ఒప్పుకోకపోతే ఆ నలభై ఆరుమంది సంగతి నా మెడకే. వేణి ఆ మెట్లు ఎక్కగలదో లేదో కూడా తెలియదు. ఈరోజు రెండు చెంచాలు తాగింది. లేపి కూర్చోబెట్టినా కళ్ళు తిరుగుతున్నాయి.

నా మాట వేణి నమ్మదు. అవ్వ మాటా నమ్మదు. కానీ పుట్టినప్పటి నుంచి మెట్ల మీద నేను గట్టిగా చదివే అంకెను వింటోంది. అరవై రెండు ఇళ్ళు దాన్ని బట్టి కదలడం చూసింది. మెట్ల మీద అబద్ధం చెప్పకూడదని తనకు నేర్పింది కూడా నేనే. ఇప్పుడు నా దగ్గర మిగిలింది అదొక్కటే.

రేపు పొద్దున ఐదున్నరకు వేణిని ఎత్తుకుని మెట్ల దగ్గరికి వెళతాను. అందరూ వచ్చేదాకా ఆగుతాను. రెండు గుడ్డలు తడుపుతాను, ఒకటి డబ్బా నీళ్ళతో, ఒకటి కుండ నీళ్ళతో. గడియారం వేణి చేతికిస్తాను. నిమిషాలు తననే లెక్కపెట్టమంటాను. నిమిషం నిమిషానికీ రెండు అంకెలూ గట్టిగా చదువుతాను. పన్నెండో నిమిషంలో రెండూ ఒకటయ్యాక, పదో తేదీన నేను ఆగింది ఒక్క నిమిషమేనని అందరి ముందు చెబుతాను. గాలి పుస్తకంలో ఓబులేసు రాసిన మాట కొట్టేసి అక్కడ అదే రాసి సంతకం పెడతాను. ఆ తర్వాత వేణికి గ్లాసుతో నీళ్ళు ఇస్తాను.